రుమాలు వేసిన చోటు

జనరల్ పెట్టెలో సీటు పట్టడం సూరికి వచ్చినంత బాగా సికింద్రాబాద్ స్టేషన్లో ఇంకెవరికీ రాదని చిలకలగూడ గదిలో అతనితో ఉండేవాళ్ళందరూ ఒప్పుకునేవారు. బండి ఇంకా ఆగదు. ఖాళీ పెట్టెలు నెమ్మదిగా ప్లాట్‌ఫారం పక్కకి వస్తుంటాయి. జనం తలుపుల దగ్గర ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ ఉంటారు. సూరి ఆ గొడవలోకి పోడు. జేబులోంచి రుమాలు తీసి, పెట్టెతో పాటు నాలుగడుగులు నడిచి, కిటికీ ఊచల మధ్యనుంచి మణికట్టు తిప్పి విసురుతాడు. అది వెళ్ళి ఇస్త్రీ చేసి పరిచినట్టు సీటు మీద పడుతుంది. ఆ తర్వాత అతను తీరిగ్గా టీ తాగి, అందరూ ఎక్కాక ఎక్కుతాడు.

రుమాలు పడ్డాక ఆ చోట్లో మనిషి కూర్చున్నట్టే. ఇది ఏ చట్టంలోనూ లేదు, టికెట్ మీద వెనకవైపు చిన్న అక్షరాల్లోనూ లేదు. అయినా ఎంత పహిల్వాన్ అయినా రుమాలు చూసి ఆగుతాడు. "ఎవరన్నా ఉన్నారా?" అని అడుగుతాడు. ఉన్నారంటే మారుమాట లేకుండా ముందుకి పోతాడు. సొంత అన్నదమ్ముల పొలం గట్టు దగ్గర లేని మర్యాద మనవాళ్ళు పరాయివాడి రుమాలుకి ఇస్తారు. ఎందుకిస్తారో ఎవరికీ తెలియదు.

సూరిది తుని. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగు పని. అంటే ఇంకొకళ్ళు చేసిన దాంట్లో తప్పులు వెతికి పట్టుకోవడం. ఆ పనిలో మంచివాడనే పేరుంది. రెండువేల అయిదో సంవత్సరం ఆగస్టులో శని, ఆది, సోమవారం పంద్రాగస్టు కలిసొచ్చి మూడు రోజులు సెలవు పడింది. ఆఫీసులో పక్క వరసలో కూర్చునే దుర్గ, అన్నవరం అమ్మాయి, "నేనూ అదే బండికి వస్తానండీ, నాకూ ఒక సీటు పట్టండి" అంది. సూరి ఆ వారమంతా ఎవరితో మాట్లాడినా నవ్వుతూనే మాట్లాడాడు. జనరల్ బజార్ వెళ్ళి నీలం అంచున్న తెల్ల రుమాలు కొత్తది కొన్నాడు. పాతది తనకీ, కొత్తది ఆమెకీ.

శనివారం పొద్దున హౌరా వెళ్ళే బండి కిటకిటలాడుతోంది. కొత్త రుమాలు కిటికీ పక్కన పడింది. దాని పక్కన సూరి కూర్చున్నాడు. బండి కదిలింది. దుర్గ రాలేదు. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. ఆఖరి నిమిషంలో ఆడవాళ్ళ పెట్టెలో ఎక్కేసి ఉంటుంది, కాజీపేటలో బండి ఎక్కువసేపు ఆగుతుంది కదా, అప్పుడు దిగి వస్తుంది అని తనకి తానే చెప్పుకున్నాడు. నమ్మాలనుకుంటే ఎంత నమ్మకమైనా పుట్టుకొస్తుంది.

పెట్టెలో కాలు పెట్టే సందు లేదు. నలుగురి బల్ల మీద ఆరుగురున్నారు. చంటిపిల్లల్ని ఎవరి పిల్లలో చూడకుండా ఎవరి ఒళ్ళో వాళ్ళు కూర్చోబెట్టుకున్నారు. నిలబడ్డవాళ్ళ సంచులు కూర్చున్నవాళ్ళ ఒళ్ళోకి వచ్చేశాయి. ఎదురు బల్ల మీద రామభద్రరావు అనే రిటైరైన మాస్టారు తన అరటిపళ్ళు చుట్టుపక్కల అందరికీ పంచుతున్నాడు. ఆ సందులోకి ఒక పెద్దావిడా, ఆమె భర్తా ఎలాగో జరుగుతూ వచ్చి సూరి ముందు ఆగారు.

"బిడ్డా, గీడ ఎవలన్న ఉన్నరా?" అందావిడ రుమాలు చూపించి.

"ఉన్నారండీ."

"ఏడికి వొయిండ్రు?"

"బాత్రూంకి."

"వాళ్ళొచ్చెదాంక కూసుంటా బిడ్డా. మోకాళ్ళు ఆగుతలెవ్వు."

ఒకసారి కూర్చున్న పెద్దావిణ్ణి మళ్ళీ లెమ్మని ఎలా అంటాం? దుర్గ వచ్చినప్పుడు బాగుంటుందా? సూరి ఆలోచించింది ఇంతే. "ఇప్పుడే వచ్చేస్తారండీ" అన్నాడు.

అబద్ధం చిన్నదే. మౌలాలి దాకా సరిపోయేంత. దాన్ని అతను జనగామ దాకా లాగాడు. ఆవిడ పై బల్ల గొలుసు పట్టుకుని నిలబడింది. ఒక కాలు ఎత్తి రెండోదాని మీద పెట్టడం, అది దింపి ఇది ఎత్తడం. మాస్టారి పక్కనున్న బాలింత ఆ పెద్దావిడ సంచి తీసుకుని తన కాళ్ళ మధ్య పెట్టుకుంది. ఇంకెవరో నీళ్ళిచ్చారు. భువనగిరి దాటాక మాస్టారు లేవబోయాడు గాని, ఆయనకి అప్పటికే ఒక కాలుకి కట్టుంది. ఆవిడే ఆయన భుజం పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఎక్కడిదాకా అమ్మా?" అన్నాడు మాస్టారు.

ఆవిడ భర్త చెప్పాడు. "వరంగల్ దాంక సార్. మాది రాంగోపాల్‌పేట్ల దర్జీ దుకాణం. నా పేరు తుకారాం. గీమె చెల్లెకు పాణం మంచిగ లేదు. దవాఖానోళ్ళు సుత ఇంటికి తీస్కపొమ్మన్నరట. పొద్దుగాల ఫోనొచ్చింది, ఉన్నపళంగ ఎక్కినం."

సూరి ఇదంతా విన్నాడు. విననట్టు కిటికీలోంచి బయటికి చూశాడు. మాస్టారు, "బాబూ, మీవాళ్ళు వచ్చినప్పుడు అమ్మ లేచిపోతుందిలే, కాసేపు కూర్చోనివ్వు" అన్నాడు. "వస్తున్నారండీ" అన్నాడు సూరి మళ్ళీ. ఎవరూ రుమాలు తీసి పారెయ్యలేదు. ఆ మర్యాద అలాంటిది.

జనగామలో బండి ఆగేసరికి ఆవిడ మొహం పాలిపోయింది. తుకారాం ఆమె నడుము చుట్టూ చెయ్యి వేశాడు.

"ఇది వరంగల్ కాదమ్మా" అన్నారెవరో.

"నాతోని గాదు బిడ్డా. ఇంగ నిలవడలేను" అందావిడ. జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు ఒరిగి వాళ్ళకి దారి ఇచ్చారు. సూరి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. ప్లాట్‌ఫారం మీద సిమెంటు బల్ల దగ్గరికి ఆవిణ్ణి భర్త నడిపించుకుపోతున్నాడు. ఇంకో బండి ఉంటుందిలే అనుకున్నాడు సూరి.

కాజీపేటలో మెసేజ్ వచ్చింది. 'సారీ సూరి గారూ, అన్నయ్య బస్సుకి టికెట్ తీసేశాడు. వెళ్ళిపోయాను.' సూరి రుమాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. అప్పటిదాకా నిలబడ్డ ఒకతను అక్కడ కూలబడ్డాడు.

"మీవాళ్ళు రాలేదా?" అన్నాడు మాస్టారు.

"రాలేదండీ."

"బాత్రూం నుంచేనా?"

ఆ తర్వాత తుని దాకా సూరితో ఎవరూ మాట్లాడలేదు. అరటిపండు కూడా అతని దగ్గరికి రాలేదు.

ఆ రోజు రాత్రి తునిలో వాళ్ళమ్మ లోవలక్ష్మి పీట వేసి, కంచం పెట్టి, "రారా, కాళ్ళు కడుక్కో" అంది. సూరి వచ్చేసరికి పీట మీద నీలం అంచు తెల్ల రుమాలు పరిచి ఉంది. జేబు తడుముకున్నాడు. ఖాళీగా ఉంది.

"ఎవురికోసం ఏసేవురా?" అంది లోవలక్ష్మి.

"నేనెయ్యలేదే."

"నీదే గదా."

సూరి దాన్ని తీసి, మడిచి, జేబులో కుక్కి, కూర్చోబోయాడు. పీట మీద రుమాలు ఉంది. మళ్ళీ తీశాడు. మళ్ళీ ఉంది. లోవలక్ష్మి చారు పోస్తూ, "ఎవురో రావాలి గావాల్రా. వచ్చేదాకా నిలబడి తిను. ఇంకోళ్ళ చోటులో కూకుంటే ఏం బాగుంటాది?" అంది. పీటని కంచంతో సహా ఓ పక్కకి జరిపి, ఇంకో కంచం తెచ్చి కొడుకు చేతికిచ్చింది. రాబోయేవాళ్ళ కంచంలో కూడా రెండు గారెలు పెట్టి మూత వేసింది.

ఆ మూడు రోజుల్లో సూరికి విషయం అర్థమైంది. అరుగు మీద కూర్చుందామంటే అరుగు మీద రుమాలు. మంగలి కుర్చీలో రుమాలు. ఆటోలో రుమాలు. వట్టి నేల మీద కూర్చుందామని వంగితే, వంగే లోపల నేల మీద రుమాలు. పడుకోవడానికి అభ్యంతరం లేదు. నిలబడటానికి అసలే లేదు. కూర్చోవడం ఒక్కటే కుదరదు. తిరుగు ప్రయాణంలో పన్నెండు గంటలూ నిలబడే వచ్చాడు. అతని ముందున్న సీటు ఖాళీగా వచ్చింది. ఎక్కినవాళ్ళందరూ "ఎవరన్నా ఉన్నారా?" అని అడిగారు. ఏం చెప్పాలో తెలియక "ఉన్నారండీ" అన్నాడు. అది నిజమో అబద్ధమో ఈసారి అతనికే తెలియదు.

ఆఫీసులో టీమ్ లీడ్ భానుప్రకాశ్ కుర్చీ వైపు చూసి, "ఏంది సూరీ, ఎవలికోసం ఆపినవ్?" అన్నాడు.

"తెలీదు సార్."

"సరే భాయ్, పరేషాన్ గాకు. వాళ్ళొచ్చెదాంక నిలవడి చెయ్." కంప్యూటర్ వచ్చిన రెండు అట్టపెట్టెలు ఒకదాని మీద ఒకటి పెట్టించి, వాటి మీద మానిటర్ ఎక్కించాడు. క్యాంటీన్లో కుర్రాళ్ళు సూరి కోసం గోడ పక్కన ఎత్తు బల్ల చూసి ఉంచారు. 10హెచ్ బస్సులో కండక్టర్ అతన్ని ఒక్కరోజు కూడా కూర్చోమనలేదు. ఎవరూ దీన్ని వింతగా చూడలేదు. వింతగా చూసి ఉంటే సూరికి కాస్త తేలికగా ఉండేదేమో. ఎవరో రావాలట అని అందరూ సర్దుకుపోతుంటే, ఆ వచ్చేదెవరో తెలిసినవాడు తనొక్కడే అయ్యాడు. తెలుసు గాని తెలియదని చెప్పుకుంటున్నాడు.

సెప్టెంబర్ గడిచింది. పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం మానేశాయి. పిక్కల మీద నరాలు నీలంగా తేలాయి. సాయంత్రమయ్యేసరికి ఒక కాలు ఎత్తి రెండోదాని మీద పెట్టేవాడు. అది దింపి ఇది ఎత్తేవాడు. మొదటిసారి అలా చేస్తున్నానని గమనించినప్పుడు, ఆ భంగిమ ఎక్కడ చూశాడో గుర్తొచ్చి బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. చిలకలగూడ డాక్టరు మోకాళ్ళు నొక్కి చూసి, పక్కన రుమాలున్న స్టూలు చూసి, "దీనికి మందుల్లేవండీ. రావలసినవాళ్ళని రప్పించుకోండి. ఇలాగే ఇంకో మూణ్ణెల్లుంటే నడక కూడా పోతుంది" అని రాసే కలం మూసేశాడు.

అప్పటికీ సూరి దుర్గ దగ్గరికే వెళ్ళాడు. రుమాలు వేసింది ఆమె కోసం కాబట్టి ఆమె కూర్చుంటే సరిపోతుందని ఒక ఆశ. దుర్గ అతని కుర్చీ దగ్గరికి వచ్చింది. రుమాలు తీసి బల్ల మీద పెట్టింది. కుర్చీలో రుమాలు అలాగే ఉంది. ఆమె కూర్చోబోయినదల్లా లేచి నిలబడింది.

"ఇది నా కోసం కాదు సూరి గారూ" అంది. "నా కోసమే అయితే నేను రాలేదని తెలిసిన రోజే పోవాలి కదా. ఆ రోజు అక్కడ ఎవరైనా కూర్చుంటామని అడిగారా?"

సూరి బల్ల మీది రుమాలు తీసి మడవసాగాడు. దుర్గ అతని కాళ్ళ వైపు ఒకసారి చూసింది.

"వెళ్ళి పిలుచుకు రండి" అంది.

రాంగోపాల్‌పేట్‌లో తుకారాం దుకాణం పట్టుకోవడం కష్టం కాలేదు. సందు మొదట్లో అడిగితే చూపించారు. లోపల గోడకి బడిపిల్లల చొక్కాలు వేలాడుతున్నాయి. మిషను వెనక ముక్కాలి పీట మీద ఆ పెద్దావిడ, కళ్ళద్దాలు ముక్కు మీదకి జారి, కాజాలు కుడుతోంది. పేరు కమలాబాయి. సూరి చెప్పాలనుకున్నది చెప్పడానికి నోరు తెరిచి, "చొక్కా కుట్టాలండీ" అన్నాడు.

దర్జీ దుకాణంలో నిలబడే మనిషిని ఎవరూ ఏమీ అడగరు. కొలతలకి నిలబడాలి కదా. తుకారాం టేపు భుజాల మీద వేసి, చేతులెత్తమని, దింపమని, తిరగమని, కబుర్లు చెబుతూ కొలిచాడు. సూరి బయటికొచ్చి సందు చివర గోడకానుకుని తనని తాను తిట్టుకున్నాడు. వారం తర్వాత చొక్కా తీసుకోవడానికి వెళ్ళి, ఈసారి తప్పకుండా చెబుతానని వెళ్ళి, రెండో చొక్కాకి బట్టిచ్చి వచ్చాడు. తర్వాత మూడోది. నవంబర్ వచ్చేసరికి అతని దగ్గర నాలుగు కొత్త చొక్కాలున్నాయి. ఒక్కటీ తొడుక్కోలేదు. తొడుక్కుందామని గుండీ పెట్టబోతే, ఆ కాజా ఆవిడ చేత్తో కుట్టిందని గుర్తొచ్చి విప్పేసేవాడు.

అయిదో చొక్కాకి కొలతలక్కర్లేదు. అయినా తుకారాం టేపు తీశాడు. "నీ ఒళ్ళు తగ్గుతున్నది బిడ్డా, మల్ల కొలుస్త" అన్నాడు. ఛాతీ చుట్టూ టేపు తిప్పుతూ ఏదో మాటల్లో, "మా మరదలు రుక్మాబాయి పోయిన ఆగస్టుల పోయింది" అన్నాడు. "మా ఆమె నిలవడలేక నడిమిట్ల జనగామల దిగినం. రెండు గంటలకు గని ఇంకో బండి దొర్కలే. మేం ఇంట్ల అడుగు పెట్టెటాళ్ళకు అరగంటాయె పాణం పోయి. చివరి చూపు దొర్కలే. ఊపిరి ఇడువు బిడ్డా, గట్ల బిగవడ్తె కొలత తప్పుతది."

సూరి ఊపిరి వదిలాడు. దాంతోపాటు మాట కూడా వచ్చేసింది. "ఆ సీటు నాదేనండీ. రుమాలు నాదే. బాత్రూంలో ఎవరూ లేరు. ఎవరూ రావట్లేదని నాకు సగం తెలుసు. అమ్మ అడిగితే కూర్చోనివ్వలేదు. వరంగల్ ఎందుకు వెళ్తున్నారో కూడా విన్నాను."

తుకారాం చేతిలో టేపు అలాగే ఉండిపోయింది. కమలాబాయి తలెత్తకుండా దారం కొరికింది.

"ఎరికే" అంది. "మొదటి దినమే గుర్తువట్టిన. చెప్తవా, చెప్పవా అని చూసిన. నాలుగంగీలు కుట్టిపిచ్చుకుంటివి గని నోరు లేవకపాయె."

సూరి ఏడ్చాడు. ఎవరూ ఓదార్చలేదు. మిషను పక్కన గిరాకీల కోసం వేసిన కుర్చీలో రుమాలు పరిచి ఉంది. దాన్ని చూపించి, "అమ్మా, మీరొచ్చి కూర్చోండి. మీరు కూర్చునేదాకా ఇది పోదు" అన్నాడు.

"నీ కాళ్ళ కోసమా, నా మోకాళ్ళ కోసమా?"

కమలాబాయి మెల్లగా లేచి, గోడ పట్టుకుని కుర్చీ దగ్గరికి వచ్చింది. రుమాలు అంచు పట్టుకుని చూసింది. తీసింది. కింద ఇంకోసారి అదే రుమాలు. ఆవిడకి కోపం రాలేదు. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"గిది నాకోసం గాదు" అంది. "ఆనాడు నేను నాకోసం పోతున్ననా? చెల్లెకు మొగడు లేడు. ఒక్కతే పిల్ల, కల్పలత. దాన్ని నా చేతుల పెడ్తనన్నది. తోల్కొచ్చి గీడ కాలేజీల చేర్పిద్దామని పోయిన. నేను పోయెటాళ్ళకు నోరు లేదు, మాట లేదు. వాళ్ళ కాక వచ్చి, నా ఇంట్ల ఉంటది అని తీస్కపాయె. డిగ్రీ బంద్ చేపిచ్చిండు. దుకాణంల కూసోవెట్టిండు. నేను ఫోన్ చేస్తె పిల్ల మాట్లాడది."

"ఎందుకండీ?"

"పెద్దమ్మ కావాల్నని రాలేదనుకుంటున్నది. నడిమిట్ల దిగినమంటె నమ్ముతదా? సాకు చెప్తున్నరంటది." కమలాబాయి కుర్చీలోని రుమాలు అంచు సరిచేసింది. "మాకు చెప్పినవు గద. ఆ పిల్ల మొకం చూసి చెప్తవా?"

"చెప్తానండీ" అన్నాడు సూరి.

ఆదివారం పొద్దున ముగ్గురూ వరంగల్ బండి ఎక్కారు. సూరి రుమాలు విసరలేదు. తోసుకుంటూ ఎక్కి, కనిపించిన ప్రతివాళ్ళనీ "కొంచెం సర్దుకోండి, పెద్దావిడ" అని బతిమాలి ఇద్దరికీ చోటు సంపాదించాడు. బతిమాలడం అతనికి కొత్త. సర్దుకున్నవాళ్ళు మటుకు అదేమీ పెద్ద విషయం కానట్టు తలా ఒక అంగుళం జరిగారు. జనగామ వచ్చినప్పుడు కమలాబాయి కళ్ళు మూసుకుంది. సూరికి ఎక్కడ చూడాలో తెలియలేదు.

హనుమకొండలో కల్పలత బాబాయి, ఆ కాక ఇంటి ముందరి గదే కిరాణా దుకాణం. కల్పలత పప్పు తూకం వేస్తోంది. పందొమ్మిదేళ్ళ పిల్ల. పెద్దమ్మని చూసి మొహం తిప్పుకుంది. కాక మర్యాదస్తుడే, నాలుగు కుర్చీలు వేయించాడు. ఒకదాంట్లో రుమాలుంది.

"ఇంగ ఎవలన్న రావాల్నా?" అన్నాడు కాక.

"ఆ, రావాలె" అంది కమలాబాయి.

సూరి కూర్చున్నవాళ్ళ ముందు, తక్కెడ పక్కన, ఆ పిల్ల ఎదురుగా నిలబడి చెప్పాడు. దుర్గ సంగతితో సహా చెప్పాడు. తన తప్పు తగ్గించే మాట ఒకటి నాలుక మీదకి వచ్చింది, ఇంత అవుతుందని తనకి తెలియదని. అది మింగేశాడు. "అడిగినప్పుడు నేను జరిగి ఉంటే మీ పెద్దమ్మ మీ అమ్మ దగ్గరికి టైముకి వచ్చేది. తప్పు ఆవిడది కాదు. నాది" అన్నాడు. బయట సైకిల్ బెల్లు మోగింది. ఎవరో పావుకిలో చక్కెర అడిగి, లోపలి మొహాలు చూసి వెళ్ళిపోయారు.

కల్పలత చాలాసేపు అతని పాదాల వైపు చూసింది. తర్వాత రుమాలున్న కుర్చీ వైపు చూసింది. "గది ఎవలికోసం?" అంది.

"నీకోసమే బిడ్డా" అంది కమలాబాయి. "ఆగస్టు నుంచి ఆపి పెట్టిండు."

పిల్ల తక్కెడ కింద పెట్టి లోపలికి పోయింది. ఎంతకీ రాలేదు. కాక గొంతు సవరించుకుని, పిల్ల ఇక్కడ సుఖంగానే ఉందని, ఆమె పోతే దుకాణం ఎవరు చూస్తారని, చదివి ఏం చెయ్యాలని చెబుతూనే ఉన్నాడు. సూరి గుమ్మం చూస్తూ నిలబడ్డాడు. ఆ పిల్ల రాకపోతే తను బతికినంతకాలం నిలబడే ఉంటాడు, అదేమంత పెద్ద శిక్ష కాదని అతనికి అప్పుడే అనిపించింది. ఆ పిల్ల బతికినంతకాలం ఆ తక్కెడ దగ్గర కూర్చోవడంతో పోలిస్తే తన కాళ్ళు ఎంత.

గంట తర్వాత కల్పలత ఒక రెగ్జిన్ సంచితో వచ్చింది. పైన పుస్తకాలు కనిపిస్తున్నాయి. "కాకా, పోయొస్త" అంది. కాక లేచి ఏదో అనబోయాడు. రుమాలున్న కుర్చీ వైపు చూసి ఆగిపోయాడు. వేసిన రుమాలు ముందు ఎవరి మాటా చెల్లదని ఆయనకీ తెలుసు.

మధ్యాహ్నం బండి పొద్దుటి బండి కంటే ఘోరంగా ఉంది. తలుపులో వేలాడుతున్నారు. నలుగురూ ఎలాగో లోపలికి చొరబడ్డారు. మనుషుల మీద మనుషులున్న ఆ పెట్టెలో కిటికీ పక్క సీటు ఒకటి ఖాళీగా ఉంది. దాని మీద నీలం అంచు రుమాలు. చుట్టూ జనం నిలబడే ఉన్నారు గాని దాన్ని ముట్టుకోలేదు. "ఎవలో ఉన్నరట" అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటున్నారు.

కల్పలత వెళ్ళి రుమాలు తీసింది. సీటు మీద ఇంకేమీ లేదు. వట్టి ఆకుపచ్చ బల్ల. ఆమె కూర్చుని, రుమాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. పక్కవాళ్ళు జరిగి కమలాబాయికి చోటిచ్చారు. తుకారాం సంచుల మీద సర్దుకున్నాడు. "రేపే కాలేజీల అడుగుదాం. సగం సాలు అయిపోయింది గని, అడిగితె ఏమైతది?" అని కొలతలు తీస్తున్నంత హుషారుగా మొదలుపెట్టాడు. సూరి ఆ ముగ్గురి ముందు పై బల్ల గొలుసు పట్టుకుని నిలబడ్డాడు. కాజీపేట దాటింది. ఘన్‌పూర్ దాటింది. కల్పలత ఇంతవరకూ అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడాలని అతను ఆశించనూ లేదు.

జనగామలో బండి ఆగి కదిలాక ఆ పిల్ల కిటికీలోంచే చూస్తూ అంది. "అమ్మ ఆ రోజు వాకిలి దిక్కే చూసింది. పెద్దమ్మ ఇంకా రాలేదని నేను తిట్టిన. అమ్మ తిట్టనియ్యలే. 'అక్కకు సీటు దొర్కిందో లేదో, పాపం నిలవడి వస్తున్నదేమో. ఒచ్చినంక కాళ్ళు పెట్టుకునేటందుకు వేన్నీళ్ళు కాగవెట్టు' అన్నది. నేను మూడుసార్లు కాగవెట్టిన. మూడుసార్లు సల్లగైనయ్."

కమలాబాయి కొంగు నోట్లో కుక్కుకుని వంగిపోయింది. తుకారాం ఆమె వీపు మీద చెయ్యి వేశాడు. సూరి గొలుసు వదిలేశాడు. తను చేసింది ఏమిటో మూడు నెలలుగా తెలుసుననుకున్నాడు గాని, ఆ నీళ్ళ సంగతి అతనికి తెలియదు. చచ్చిపోతూ ఒక మనిషి తను చూడని రైలు పెట్టెలో అక్కకి సీటు దొరికిందా అని ఆలోచించింది. పక్కనే ఖాళీ సీటు పెట్టుకుని తను కిటికీలోంచి పొలాలు చూశాడు.

కల్పలత కిటికీ వైపు ఒరిగి, పెద్దమ్మకీ తనకీ మధ్య జానెడు చోటు చేసింది.

"కూసో అన్నా" అంది. "నీ కాళ్ళు సుత వాచినయ్."

సూరి కదల్లేదు. ఆ చోటు తనది కాదని తల అడ్డంగా ఊపాడు. వెనక నిలబడ్డ ఒక ముసలాయన, సంగతేమీ తెలియకుండానే, "కూసో బిడ్డా, పిలుస్తున్నరు గద" అని అతని భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు. సూరి కూర్చున్నాడు. కూర్చుని, వాచిన మోకాళ్ళ మీద మొహం పెట్టుకుని, పెట్టెలో అందరికీ వినిపించేలా ఏడ్చాడు. ఎదుటి బల్ల మీద ఒకావిడ, ఎందుకని అడగకుండా, తన నీళ్ళ సీసా మూత తీసి అతని ముందుకి చాపింది.